సిపాయిల ఆటలో రెండోవాడు

మంచిర్యాల,
జూలై 2001

ప్రియమైన వాగూ,

క్షేమంగా చేరాను. కరెంటు ఆఫీసు వెనకాలే గది దొరికింది. మెస్సులో పప్పు పలచగా ఉంటుంది, మనుషులు మాత్రం మంచివాళ్లు. ప్రమోషన్ ఇచ్చి ఇంత దూరం తోసేశారు గాని, డిపార్టుమెంటు పరీక్ష గట్టెక్కితే మళ్లీ హైదరాబాద్ వేయించుకోవచ్చని పెద్ద గుమాస్తా అంటున్నాడు. అంతవరకు బాపును, జహనుమా ఇంటిని నువ్వే చూసుకోవాలి. పక్కింటి విమలాదేవిగారి ఫోనుకు చేస్తే ఆవిడ పక్కనే నిలబడి చెవి ఒగ్గుతుంది. కాబట్టి ఉత్తరాలే రాసుకుందాం.

ఇక్కడ బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్ ఉంది. పేరుకు కోర్సులు నేర్పుతారు, సాయంత్రమైతే అన్నిటి మీదా ఆటలే. నేనూ కూర్చున్నాను. నువ్వు నవ్వుతావు గాని, నాకు నచ్చలేదు. బొమ్మలు నిజం మనుషుల్లా ఉన్నాయి, గుండు తగిలితే గోడ మీద గుర్తు కూడా పడుతుంది, సరే. కాని ఎక్కడ కావాలంటే అక్కడ ఆటను దాచుకోవచ్చట. చచ్చినవాడు దాచుకున్న చోటే మళ్లీ లేస్తాడు. ఇంక భయమేముంది? మన పాత వీడియో గేమ్ డబ్బాలో మూడే ప్రాణాలు. మూడూ పోతే మొదటినుంచి మొదలు. అందుకే ఆఖరి ప్రాణం మీద ఉన్నప్పుడు అరచేతికి చెమట పట్టేది. చెమట పట్టని ఆట ఆటే కాదని అంటే, సెంటర్ నడిపే ఆయన నన్ను నిజాం కాలం మనిషిని చూసినట్టు చూశాడు.

ఒక పని చేసిపెట్టు. నా ట్రంకు పెట్టెలో బట్టల కింద వీడియో గేమ్ డబ్బా ఉంది. వానాకాలం చెమ్మకు పాడవుతుంది. అప్పుడప్పుడు టీవీకి తగిలించి కాసేపు నడిపించు. సిపాయిల ఆట క్యాసెట్ పెట్టేముందు నోటితో గట్టిగా ఊదాలి, లేకపోతే తెర తెల్లగా వస్తుంది. రెండు రిమోట్లలో ఒకదాని వైరు ఎలుక కొరికింది, దాన్ని వదిలేయి. ఇదంతా బాపు గుడికి వెళ్లాకే సుమా. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన నా మొదటి డబ్బాను పురానాపూల్ మీదినుంచి మూసీలోకి విసిరేశారు. "అర్చకుని కొడుకువు, తుపాకులతోని ఆడుతవా?" అన్నారు. ఆనాటినుంచి మా ఇద్దరి మధ్య మాట అవసరానికే. ఈ రెండో డబ్బా సంగతి ఆయనకు తెలియదు, తెలియకూడదు.

నీ
రఘునాథ్


జహనుమా,
జూలై 2001

ప్రియమైన శ్రీవారికి,

ఉత్తరం అందింది. పోస్టుమన్ కేక వినగానే మామయ్య వచ్చి వసారాలో కూర్చున్నారు. ఈ ఇంటి అలవాటు తెలిసిందే కదా, వచ్చిన ఉత్తరం ఎవరిదైనా పైకి చదివి వినిపించాలి. ముందు ఒకసారి కళ్లతో చూసుకుని, మన మాటలు, డబ్బా మాటలు దాటేసి, మెస్సు పప్పు వరకు చదివాను. "పప్పు పల్చగుంటే నెయ్యి ఏసుకొమ్మను" అన్నారు. అదీ మీ నాన్నగారి ఆశీర్వాదం.

ఆయన గుడికి వెళ్లగానే డబ్బా తీశాను. ఊది ఊది నాకే కళ్లు తిరిగాయి. చివరికి తెర మీద అడవి వచ్చింది, సిపాయి ఒకడు దూకాడు, దూకగానే చచ్చాడు. మీరు అడగకపోయినా నా అభిప్రాయం చెబుతున్నాను. చిటికెన వేలంత మనిషి, ముఖమైనా సరిగ్గా లేదు, వాడికోసం మీరు చెమటలు కక్కారంటే ఆశ్చర్యంగా ఉంది. అయినా చెమ్మ ఆరాలి కదా అని మళ్లీ మొదలుపెట్టాను. వంతెన దాకా వెళ్లాను. ఈలోగా పొయ్యి మీద చారు పొంగిపోయింది, మామయ్యకు మజ్జిగతో సరిపెట్టవలసి వచ్చింది.

ధూల్‌పేట్ వైపు నుంచి వినాయకుళ్ల లారీలు అప్పుడే మొదలయ్యాయి. బేగంబజార్ వెళ్లి నెల సామాను తెచ్చాను. ఇంట్లో అంతా కులాసా. మీరు లేక ఇల్లు బోసిగా ఉంది, అది వేరే చెప్పాలా?

మీ
వాగ్దేవి


మంచిర్యాల,
ఆగస్టు 2001

ప్రియమైన వాగూ,

వంతెన దాకా వెళ్లావా? నేను మొదటిరోజు రెండో చెట్టు దాటలేదు. నిలబడి కాల్చకు, పడుకుని కాల్చు, గుండ్లు పైనుంచి పోతాయి. ఐదు పాయలుగా చీలే తుపాకీ దొరికితే ప్రాణం పోయినా వదలకు.

కొత్త ఆటల్లో ఒకటి మాత్రం ఒప్పుకుంటున్నాను. కార్ల రేసులో వాన పడుతుంటే అద్దం మీద నీళ్లు జారతాయి. అది చూస్తూ రెండుసార్లు ఓడిపోయాను. మిగతావాటిలో నాకు కడుపుమంట ఎక్కడంటే, ఎదుటివాడు ఎక్కడో వేరే గదిలో కూర్చుంటాడు. తెర మీద పేరొక్కటే. ఎవడు చంపాడో, ఎందుకు నవ్వాడో తెలియదు. మన ఆటలో పక్కవాడి మోచెయ్యి మన పక్కటెముకల్లో తగిలేది. నేను, క్రాంతి గంటలకొద్దీ అలా ఆడాం. మన వెనక గల్లీ టీవీ మెకానిక్కు క్రాంతే. వాడిది ఎడమచేతివాటం, రిమోట్ తిప్పి పట్టుకునేవాడు. పాతబస్తీలో వాడిని కొట్టినవాడు లేడు. నీ ఫొటో వచ్చినప్పుడు నాకంటే ముందు బాగుందన్నది కూడా వాడే. మా వాడికి అన్నిట్లోనూ తొందరే.

ఎంతవరకు వెళ్లావో రాయి. నాకు ఇక్కడ అదొక్కటే కాలక్షేపం.

నీ
రఘునాథ్


జహనుమా,
సెప్టెంబరు 2001

ప్రియమైన శ్రీవారికి,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. ఇంట్లో పని తెమలలేదు. మామయ్య బాగున్నారు, రోజూ గుడికి వెళ్లివస్తున్నారు.

క్రాంతిగారు వచ్చి ఆ రెండో రిమోట్ వైరు అతికించి ఇచ్చారు.

సిపాయిల ఆట మూడో అంచెలో జలపాతం వస్తుంది కదా, రాళ్ల మీదినుంచి పైకి ఎగరాలి. పైనున్నవాడు తొందరపడి ఎగిరితే, కింద ఉన్నవాడు తెర అంచుకు తగిలి చచ్చిపోతున్నాడు. దీనికి ఉపాయమేమిటి? ఇంకొకటి, కుడిచెయ్యి వాడకుండా ఎడమచేత్తోనే కాల్చడం, ఎగరడం రెండూ కుదురుతాయా? రిమోట్ ఎలా పట్టుకోవాలి?

ఆటకు భయం కావాలని రాశారు. నాకు అలా అనిపించడం లేదు. శత్రువు ఎప్పుడూ అదే చెట్టు వెనకనుంచి, అదే వరసలో వస్తాడు. నాలుగుసార్లు చచ్చినవాడికి ఐదోసారి భయమెందుకు? నిదానం ఉంటే చాలు. మీ కొత్త ఆటల్లో శత్రువు ఎటునుంచైనా వస్తాడని రాస్తారేమో. అలాంటిది ఆడటం నాకు ఇష్టం లేదు.

జలపాతం సంగతి వెంటనే రాయండి.

మీ
వాగ్దేవి


మంచిర్యాల,
సెప్టెంబరు 2001

వాగ్దేవికి,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు సంతోషంగానే ఉంది. తరువాత భోజనం మధ్యలో లేచి వచ్చి మళ్లీ తీశాను.

ఆ ఆటలో ఒక్కడే ఉంటే జలపాతం దగ్గర "కింద ఉన్నవాడు" అంటూ ఉండడు. తెర వాడితోపాటే పైకి వెళుతుంది. ఇద్దరు ఆడుతుంటేనే ఒకడు పైన, ఒకడు కింద. ఇది ఎవరో చెప్పింది కాదు, నా వేళ్లకు తెలిసిన సంగతి. ఒక్క మనిషికి రెండో రిమోట్ ఎందుకు అవసరమైంది? నువ్వు కుడిచేత్తో రాస్తావు, కుడిచేత్తో వడ్డిస్తావు. నీకు ఎడమచేతి సంగతి ఎందుకు? ఎడమచేత్తో ఆడేవాడిని నేను ఒక్కడినే ఎరుగుదును. వాడి పేరు నీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో వచ్చి, మళ్లీ కనిపించలేదు.

నాలుగుసార్లు చచ్చినవాడికి భయమెందుకన్నావు. అది వేళ్లు కాయలు కాసినవాడి మాట, రెండు నెలల కింద చారు పొంగించుకున్న మనిషి మాట కాదు.

బాపు ఇంట్లో ఉండగా ఆ డబ్బా పెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. అంటే ఆయన గుడికి వెళ్లిన వేళలోనే. నేను ఏమీ అనడం లేదు. అడుగుతున్నాను.

నాకు ఇప్పుడు ఒక కొత్త ఆట అలవాటైంది. అందులో కాల్చడం తక్కువ. నీడలో నిలబడి, ఎవరు ఏ తలుపులోంచి లోపలికి వెళుతున్నారో చూస్తూ ఉండాలి. పాత ఆటలే గొప్పవని వాదించిన వాడిని, రోజూ వెళ్లి అదే ఆడుతున్నాను. దసరాకు వస్తాను.

రఘునాథ్


జహనుమా,
అక్టోబరు 2001

ప్రియమైన శ్రీవారికి,

ఎవరూ లేరు. రెండు రిమోట్లూ నేనే పట్టుకుంటున్నాను. ఒకటి ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో నొక్కుతాను, అందుకే అడిగాను. క్రాంతిగారు వైరు అతికించి, టీ తాగి వెళ్లారు. మళ్లీ రాలేదు.

దసరాకు మీరు రావద్దు. పరీక్ష దగ్గర పడింది, సెలవు పెడితే పై అధికారి ఏమంటాడో. మామయ్య కూడా అదే మాట అన్నారు. ఆయన కులాసాగా ఉన్నారు.

జలపాతం ఉపాయం రాయలేదు. తప్పకుండా రాయండి.

మీ
వాగ్దేవి


మంచిర్యాల,
అక్టోబరు 2001

వాగ్దేవికి,

జలపాతం ఉపాయం అడిగావు కనక ముందు అదే చెబుతాను. పైనున్నవాడు ఆగాలి. కిందివాడు ఎక్కి వచ్చేదాకా ఆగాలి. అంతకు మించి ఏమీ లేదు.

ఇప్పుడు నా సంగతి. మన గల్లీ చివర పూలకొట్టు నర్సింహ, ఇక్కడున్న తన చెల్లెలు ఆగమ్మను చూడటానికి వచ్చి నా ఆఫీసుకు కూడా వచ్చాడు. ఊరికే రాలేదు. మన ఇంటి మీద ఓ కన్నేసి ఉంచమని నేనే కార్డు రాశాను. గట్టిగా అడిగితే చెప్పాడు. "అన్నా, క్రాంతి బండి రోజిడిచి రోజు మీ ఇంటి ముంగటనే ఉంటది. తలుపేసి ఉంటది. లోపట తుపాకుల సప్పుడు, వదినె నవ్వుడు ఇనొస్తది. నాకెందుకే గీ లొల్లి, నువ్వడిగినవని చెప్పిన."

మళ్లీ రాలేదని రాశావు. రెండు రిమోట్లూ ఒక్కదానివే పట్టుకుంటున్నానని రాశావు. ఆ ఆట ఆడినవాడెవడైనా ఆ మాట వింటే నవ్వుతాడు, రెండు చేతులూ ఒక్క రిమోట్‌కే చాలవు. పండక్కి ఇంటికి వస్తానంటే వద్దన్న భార్యను నేను ఇంతవరకు చూడలేదు.

ఆ రెండోవాడు ఎవడు? క్రాంతి అయితే క్రాంతి అని రాయి. దీపావళికి నేను ఇంటికి రావాలో, మీ నాన్నగారికి కబురు చేసి నిన్ను తీసుకుపొమ్మనాలో నీ జవాబును బట్టి ఉంటుంది.

రఘునాథ్


జహనుమా,
అక్టోబరు 2001

రఘునాథ్‌గారికి,

మీ పేరు పెట్టి రాయడం ఇదే మొదటిసారి. శ్రీవారు అని రాయడానికి చెయ్యి రాలేదు.

రెండోవాడు మీ నాన్న.

మీ మొదటి ఉత్తరానికి జవాబు వేసిన కొద్దిరోజులకే, గుడికి బయలుదేరబోతూ ఆయన వసారాలో కూలబడ్డారు. నోరు కాస్త వంకరపోయి వెంటనే సర్దుకుంది. కుడిచెయ్యి మాత్రం పడిపోయింది. నేను వెనక గల్లీకి పరుగెత్తి క్రాంతిగారిని పిలుచుకొచ్చాను. ఆయన తన స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని, నేను వెనకనుంచి పట్టుకుని ఉంటే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అప్పటినుంచి రోజు విడిచి రోజు వచ్చి, ఆ చెయ్యి శాలువా కింద దాచి తీసుకెళ్లి, తెచ్చాక కాసేపు మా ఆట చూసి వెళ్లేవారు. నర్సింహ చూసిన బండి అదే. చెయ్యి పనిచేయని మామయ్య కనపడకూడదనే తలుపు వేసేదాన్ని.

మీకు ఎందుకు రాయలేదంటే, రాయనని స్వామి మీద ఒట్టు వేయించుకున్నారు. "వానికి చెప్తే నౌకరి ఇడిచిపెట్టి ఉరికొస్తడు. పరీక్ష పాడైతది. వాడు నన్ను జూసి జాలిపడొద్దు" అన్నారు. గుడివాళ్లకు నడుం నొప్పి అని చెప్పించారు. తీర్థం ఎడమచేత్తో ఇవ్వకూడదు కదా. చెయ్యి పడిపోయిందని తెలిస్తే గుడిలో ఆయన అర్చకత్వం వంతు పాలివాళ్లకు రాసేస్తారు. కార్తీకం నాటికి ఆ కుడిచేత్తో ఉద్ధరిణి ఎత్తి ఒక్క చుక్క తీర్థం పోయగలిగితే చాలని, ఆయనకు వేరే కోరికే లేదు.

డాక్టరు వేళ్లు కదపాలని రబ్బరు బంతి ఇచ్చారు. మామయ్య దాన్ని మూలకు విసిరేశారు, నేను చిన్నపోరన్నా అని. ఒకరోజు ఆయన నిద్రపోయారనుకుని, చప్పుడు తగ్గించి, డబ్బా పెట్టుకున్నాను. మంచం మీదినుంచి మాట వినపడింది. "ఎనుకకు జరుగు, చెట్టు కాడికెల్లి వాడొస్తుండు." డబ్బా దాచబోతుంటే వద్దన్నారు. "గా డబ్బా సంగతి నాకెప్పటిసందో ఎరుకే. నేను గుడికి పోంగనే మీ ఆయన తీస్తుండె. ఇంకోటుంటే నాకియ్యి."

అందుకే రెండో రిమోట్ బాగుచేయించాను. మొదట ఎడమచేత్తో నొక్కేవారు. కుడిచేతిని రిమోట్ మీద ఊరికే ఆనించి ఉంచేవారు. అప్పటినుంచి మీ ఉత్తరాల్లో ఆటల మాటలు, మొదటి ఉత్తరంలోవి కూడా, దాటేయకుండా చదివి వినిపించాను, మీ అనుమానాలు మాత్రం దాటేశాను. పడుకుని కాల్చాలని మీరు రాసింది నేను మరిచిపోతే ఆయనే గుర్తుచేసేవారు. కొత్త ఆటల్లో చచ్చినవాడు అక్కడే లేస్తాడంటే ఒప్పుకోలేదు. పాతదే నయం, వీడు చెప్పింది నిజమే అన్నారు. నాలుగుసార్లు చచ్చినవాడికి భయమెందుకన్న మాట కూడా ఆయనదే. ఆ మూసీ నాటినుంచి మీరు ఆయనతో మాట్లాడనివన్నీ ఈ నాలుగు కాగితాల్లో విన్నారు. కొడుకు రాసింది విని మామయ్య నవ్వగా నేను చూసింది ఇప్పుడే. నర్సింహ విన్న నా నవ్వు కూడా అందుకే.

మొన్నటికి బొటనవేలు వంగి, ఎర్ర బటన్ మీద దానంతట అది పడింది. ఇద్దరం కళ్లనీళ్లు పెట్టుకున్నాం.

మీ ఆఖరి ఉత్తరం వచ్చిన రోజు ఆయన జలపాతం ఉపాయం కోసం పొద్దుటినుంచి పోస్టుమన్ దారి చూస్తున్నారు. జల్ది చదువు అని తొందరపెట్టారు. ముందుగా కళ్లతో చూసుకోలేదు, అది నా పొరపాటు. మొదట్లోనే ఉపాయం ఉంది కనక ఉత్సాహంగా పైకి చదివాను. నర్సింహ పేరు వచ్చేసరికి నోరు ఆగిపోయింది. ఎందుకు ఆగానని అడిగారు. ఎడమచేత్తో కాగితం తీసుకుని తానే చదువుకున్నారు. "నా ఎంబడి పడి పిల్ల మాటవడ్డది" అన్నారు. రిమోట్ మంచం మీద పెట్టేశారు. వేయించుకున్న ఒట్టు కూడా తానే వెనక్కి తీసుకున్నారు, అందుకే ఇదంతా రాయగలుగుతున్నాను. ఆ రోజు నుంచి దాన్ని ముట్టుకోలేదు. నేను పిలిస్తే గోడ వైపు తిరిగి పడుకుంటున్నారు. బొటనవేలు మళ్లీ బిగుసుకుపోతోంది. డాక్టరు దగ్గరికీ రానంటున్నారు, క్రాంతిగారి బండి మన గుమ్మం ముందు ఆగకూడదట.

జలపాతం దగ్గర కింద ఒకడున్నాడంటే ఇంట్లో రెండో మనిషి ఉన్నాడని పట్టేశారు. లెక్క తప్పు కాదు. మరి ఆ ఇంట్లో రెండో మనిషి ఎవరు? నేను కాపురానికి వచ్చినప్పటినుంచి, మీరు ఊళ్లో లేనప్పుడు ఈ ఇంట్లో ఉండేది నేను, మీ నాన్న. రిమోట్ గురించి ఆలోచించారు, ఎడమచెయ్యి గురించి ఆలోచించారు, నర్సింహకు కార్డు రాశారు. ఇన్ని ఆలోచించిన మీకు ఆయన పేరు ఒక్కసారైనా తట్టలేదు. నా మీద అనుమానం పడ్డారన్న కోపం కంటే నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

దీపావళి దాకా ఆగవద్దు. ఈ ఉత్తరం అందిన రోజే బండెక్కండి. మా నాన్నగారికి కబురు చేయవలసిన పని లేదు, నాకు వెళ్లాలనిపిస్తే దారి తెలుసు. ఇంటికి వచ్చి, ఏడవకుండా, ఎలా ఉందని అడగకుండా, మంచం మీద ఆయన పక్కన కూర్చోండి. ఒక రిమోట్ మీరు పట్టుకుని, ఇంకొకటి ఆయన కుడిచేతిలో పెట్టండి. ఎడమచేతిలో పెట్టకండి. తీసుకోకపోతే మళ్లీ పెట్టండి. నేను పెడితే తీసుకోవడం లేదు, మీరు పెడితే తీసుకుంటారని నా నమ్మకం.

నాతో మాట్లాడటం ఆ తరువాత. మీరు చెప్పేది వినాలో వద్దో నేనింకా తేల్చుకోలేదు.

వాగ్దేవి